గీత పడ్డ గ్లాసు: పేస్టా, వాటర్ పేపరా, కొత్త గ్లాసా?

వాచీ గ్లాసు మీద గీత పడిందని నలుగురున్న చోట అనండి, నాలుగు వైద్యాలు వినిపిస్తాయి. పళ్ళు తోముకునే పేస్టు రాయమంటారొకరు. ఇత్తడి సామానుకు వాడే బ్రాసో అంటారింకొకరు. వంటసోడా అని ఒకరు, కార్లకు రంగులేసే షెడ్డు నుంచి వాటర్ పేపరు ముక్క తెచ్చుకోమని మరొకరు. ప్రతివాళ్ళూ చివర్లో "మా వాచీకి పనిచేసింది" అనే అంటారు. అబద్ధం చెప్పేవాళ్ళు చాలా తక్కువ. చిక్కల్లా ఒక్కటే: మీ వాచీ గ్లాసు ఏ జాతిది అని వాళ్ళు అడగరు, తమది ఏ జాతిదో చెప్పరు. పేస్టు ఒక గ్లాసును పది నిమిషాల్లో తళతళలాడిస్తుంది. ఇంకో గ్లాసును పది రోజులు రుద్దినా ఏమీ చెయ్యలేదు. మూడో రకం గ్లాసు మీద అసలు గీతే పడి ఉండదు, పైపూత మాత్రమే చెదిరి ఉంటుంది.

కాబట్టి ముందు గట్టిదనం సంగతి చూద్దాం. 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోహ్స్ 1 నుంచి 10 దాకా ఒక వరస వేశాడు. ఏది దేన్ని గీయగలదన్నదే ఆ వరసకు ఆధారం. సున్నపురాయిలోని కాల్సైట్ 3. మన పంటి మీది ఎనామెల్ 5. మామూలు కిటికీ అద్దం 5.5 దగ్గర. ఇసుక రేణువు, అంటే స్ఫటికం, 7. కురువిందం 9. కెంపూ నీలమూ రెండూ రంగు పట్టిన కురువిందమే. 10 వజ్రం. వాచీ గ్లాసులు ఈ వరసలో మూడు చోట్ల కూర్చుంటాయి. మెకానిక్కులు ప్లాస్టిక్ గ్లాసు అనే అక్రిలిక్ 3 దగ్గర ఆగిపోతుంది. మినరల్ గ్లాసు 5.5, 6 మధ్యలో ఉంటుంది. సఫైర్ 9. ఇంటి వైద్యాల మంచీ చెడూ దాదాపు అంతా ఈ మూడంకెల్లోనే తేలిపోతుంది.

గుంటూరు వైపు గీతలు ఎక్కువ పడటానికి కారణమూ ఇక్కడే దొరుకుతుంది. మన రేగడి నేలలో ఉన్న బంకమట్టి మెత్తనిదే, అది దేన్నీ గీయలేదు. దానితో కలిసి వచ్చే ఇసుక రేణువులే అసలు దొంగలు. మిర్చి కళ్ళాల్లో ఆరబోసిన కాయను తిరగేసేటప్పుడు లేచే దుమ్ములో, యార్డులో టిక్కీలు దించేటప్పుడు పడే మట్టిలో ఈ రేణువులు ఉంటాయి. బ్రాడీపేట లైన్లలో పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్టుమెంటు లేపుతున్న చోట గుట్టగా పోసిన కృష్ణా ఇసుక సంగతి చెప్పనక్కర్లేదు. ఆ దుమ్ము గ్లాసు మీద కూర్చున్నంత సేపూ ప్రమాదం లేదు. మనం చొక్కా అంచుతోనో భుజం మీది తువ్వాలుతోనో వాచీని ఒక్కసారి గట్టిగా తుడుస్తామే, అప్పుడు పడతాయి సన్నగీతలు. పాత వాచీ గ్లాసును వెలుగులో తిప్పి చూస్తే గీతల్లో సగానికి పైగా ఒకే వైపు వాలి ఉంటాయి. అది తుడిచిన చేతి వాటం. లోతుగీతలది వేరే కథ. తలుపు గడియ, స్కూటర్ హాండిల్, వంటింటి గట్టు వాటికి కారణాలు. ఆ గట్టు మీద పరిచిన చీమకుర్తి గెలాక్సీ రాయిలోని ఖనిజాల గట్టిదనం 6 చుట్టుపక్కల ఉంటుంది. మినరల్ గ్లాసు దానికి అంచు తగిలితే ఓడిపోతుంది.

ఇక ఎవరి చేతికి ఏ గ్లాసు వచ్చిందన్నది కొంత చరిత్ర, కొంత పెళ్ళిళ్ళ సంగతి. అక్రిలిక్ 1930లలో జర్మనీలో ప్లెక్సీగ్లాస్ పేరుతో బజారుకెక్కింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పైకప్పులకు దాన్నే వాడారు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచంలో తయారైన చేతి గడియారాల్లో ఎక్కువ భాగానికి అదే గ్లాసు. మన దేశంలో హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్ అంటూ ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కీ ఇచ్చే వాచీలే తెలుగు పెళ్ళిళ్ళలో అల్లుడికి మామగారు పెట్టే కానుకలయ్యాయి. వాటికుండేది ఉబ్బెత్తు అక్రిలిక్ గ్లాసు. తర్వాత హైదరాబాద్ ఆల్విన్ జపాన్ సీకో సహకారంతో వాచీలు తెచ్చింది. 1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి టైటాన్ పెట్టాక క్వార్ట్జ్ వాచీల కాలం మొదలైంది, వాటితో పాటే చదునైన మినరల్ గ్లాసు కూడా ఇళ్ళల్లోకి వచ్చింది. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చినవాళ్ళ చేతులకు రాడో మెరిసిన రోజుల్లో సఫైర్ గ్లాసు మన కళ్ళబడింది. గీతలు పడని వాచీ అని రాడో 1962లోనే డయాస్టార్‌ను చాటుకుంది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం 2016లో నిర్ణయించాక, ఇంట్లో బీరువా అడుగున పడున్న పైలట్లకీ జనతాలకీ ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. ఇంట్లో గీతలు పోగొట్టుకోవడం ఎలా అని ఇవాళ అడిగేవాళ్ళలో చాలామంది చేతిలో ఉన్నది నాన్నదో తాతదో అలాంటి వాచీయే. ఆ ప్రశ్నకు అదృష్టవశాత్తూ మంచి జవాబు ఉన్నది కూడా ఆ వాచీకే.

గ్లాసు జాతి కనుక్కోవడం కష్టం కాదు. వాచీ వెనక మూత మీదో డయలు అడుగునో సఫైర్ అనో మినరల్ అనో హార్డ్‌లెక్స్ అనో రాసుంటే గొడవ లేదు. హార్డ్‌లెక్స్ అంటే సీకో వాళ్ళు గట్టిపరిచిన మినరల్ గ్లాసే. ఏమీ రాసి లేకపోతే గోటితో తట్టి వినండి. అక్రిలిక్ మొద్దుగా పలుకుతుంది, గాజు ఖంగుమంటుంది. పెదవికి తాకించి చూడటం ఇంకా నమ్మకమైన పద్ధతి. అక్రిలిక్ కంటే మామూలు గాజు సుమారు ఐదు రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. సఫైర్ అయితే గాజు కంటే ముప్ఫై రెట్లకు పైగా. అందుకే అక్రిలిక్ వెచ్చగా, గాజు చల్లగా, సఫైర్ ఐసు ముక్కలా తగులుతాయి. నీటిబొట్టు వేసి అది పరుచుకుంటే ఒకటి, గుండ్రంగా నిలబడితే మరొకటి అని చెప్పే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది. గ్లాసు మీద ఏ పూతా లేకపోతే అది కొంతవరకు నిజమే. పూత ఉందో లేదో మనకు తెలియదు కాబట్టి దాన్ని నమ్మి పని మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. గ్లాసు అంచు చూడండి. ఉబ్బెత్తుగా పైకి లేచి, పక్క నుంచి చూస్తే డయలు వంకరగా కనిపిస్తే, వాచీ 1990కి ముందుదైతే, అది అక్రిలిక్ కావడానికే ఎక్కువ అవకాశం. రబ్బరు స్ట్రాపుతో వచ్చే చవక క్యాసియో డిజిటల్ వాచీలదీ అదే జాతి.

మెరుగు పెట్టడం అంటే ఏమిటో ఒకసారి స్పష్టంగా అనుకోవాలి. గీతను పూడ్చడం కాదది. గీత అడుగు ఎక్కడుందో అక్కడి దాకా చుట్టూ ఉన్న గ్లాసునంతా దించడం. దించేటప్పుడు మనం వేసేవి కూడా గీతలే, కాకపోతే ముందటి వాటికన్నా సన్నవి. ఆ తర్వాత ఇంకా సన్నవి. చివరికి వెలుగు తరంగం పొడవు కన్నా సన్నబడితే కన్ను వాటిని పట్టుకోలేదు. చీమకుర్తిలో రాతి పలకలకు మెరుపు తెచ్చే లైనుకు పోయి చూస్తే ఈ సంగతి కళ్ళకు కడుతుంది. ఒక దాని తర్వాత ఒకటిగా వరసన పెట్టిన సానబిళ్ళల్లో ప్రతిదీ ముందటిదాని గీతను చెరిపి తన గీతను మిగులుస్తుంది, ఆఖరి బిళ్ళ మిగిల్చేదే మెరుపు. వరసలో ఒక బిళ్ళ ఎగ్గొడితే రాయి మీద మబ్బు మిగులుతుంది. ఇంట్లో వాచీ రుద్దేవాళ్ళు చేసే తప్పుల్లో సగం ఆ బిళ్ళ ఎగ్గొట్టడమే.

పేస్టు ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు చెప్పడం తేలిక. మన దేశంలో అమ్మే తెల్ల పేస్టుల్లో చాలావాటికి ప్రధాన సరుకు కాల్షియం కార్బనేట్, అంటే పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నం కాల్చడానికి వాడే రాతి జాతిదే, మెత్తగా నూరి కలిపినది. దాని గట్టిదనం 3. అక్రిలిక్ గట్టిదనమూ దాదాపు అంతే. కాబట్టి అది అక్రిలిక్‌ను కోస్తుంది, కానీ గాయం చెయ్యకుండా కోస్తుంది. కొన్ని పేస్టుల్లో సిలికా ఉంటుంది. అది నీటితో కలిసిన సిలికా, స్ఫటిక ఇసుకంత గట్టిది కాదు. పేస్టు తయారుచేసేవాడికి ఒక హద్దు ఉంది, పంటి ఎనామెల్ అరగకూడదు. ఎనామెల్ 5. అంటే 5 ఉన్నదాన్ని కోయకుండా జాగ్రత్త పడి తయారుచేసిన సరుకు, 5.5 పైన ఉన్న మినరల్ గ్లాసును కోస్తుందని ఆశపడటంలో అర్థం లేదు. పేస్టు పక్షాన, పేస్టుకు వ్యతిరేకంగా జరిగే వాదనంతా ఈ ఒక్క లెక్కతో ముగుస్తుంది.

చేసే పద్ధతి ఇది. కీ ఇచ్చే బుడిపెను పూర్తిగా లోపలికి నొక్కి ఉంచండి. గ్లాసు మీద దుమ్మును ముందు ఊది, తర్వాత తడిగుడ్డతో రుద్దకుండా అద్దండి. ఇసుక రేణువు ఒక్కటి పేస్టులో కలిసిందంటే కొత్త గీత మన చేతులారా వేసుకున్నట్టే. చుట్టూ ఉన్న బాడీకి రంగులేసేవాళ్ళు వాడే కాగితపు టేపు అంటించండి. ముఖ్యంగా గ్లాసూ బాడీ కలిసే సందును కప్పండి. పాత హెచ్‌ఎంటీలు నీళ్ళకు తట్టుకునేవి కావు, ఆ సందులోంచి తడి పేస్టు లోపలికి దిగితే డయలు మీద మచ్చ కడుతుంది. బాగా ఉతికి మెత్తబడ్డ పాత పంచె ముక్క తీసుకుని, కందిగింజంత తెల్ల పేస్టుతో, వేలి ఒత్తిడి సమంగా పెట్టి, గ్లాసు మొత్తం మీద తిప్పండి. గీత ఉన్న చోటే రుద్దితే అక్కడ గుంట పడి, డయలు మీది అంకె అల మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది. నాలుగైదు నిమిషాలు రుద్ది, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ట్యూబులైటు కింద వాచీని వాల్చి చూడండి. తువ్వాలుగీతల లాంటివి రెండు మూడు విడతల్లో పోతాయి.

ఆరనిచ్చి చూడమనడంలో చిన్న మర్మం ఉంది. గీత మనకు కనిపించేది అందులో గాలి ఉండబట్టి. గాలిలోంచి అక్రిలిక్‌లోకి పోయే వెలుగు ఆ గాడి గోడల దగ్గర వంగి చెదురుతుంది. గాడిలో గాలికి బదులు ఇంకేదైనా నిండితే చెదరడం తగ్గుతుంది. అక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49. నీటిది 1.33. కొబ్బరినూనెది 1.45. వాజిలీన్ కూడా దగ్గర దగ్గరగా అంతే. అందుకని గీతలు పడ్డ గ్లాసు మీద కొబ్బరినూనె చుక్క రాస్తే గీతలు అలా మాయమవుతాయి. పాత వాచీలు అమ్మేవాళ్ళు కొందరు ఈ కిటుకు తెలిసే వాడతారు, తెలియకుండానే ఈ కిటుక్కి పడిపోయేవాళ్ళు ఇంకా ఎక్కువమంది. తడి పేస్టు తుడవగానే తీసిన ఫొటో చూసి వైద్యం ఫలించిందని సంబరపడితే, గంట తర్వాత గీత తిరిగొస్తుంది. పాత వాచీ కొనేటప్పుడు గ్లాసును పొడి గుడ్డతో ఒకసారి తుడిచి చూడటం మర్యాద తక్కువ పనేమీ కాదు.

పేస్టు ఒక్కటే కాదు, దాని కుటుంబం పెద్దది. బ్రాసో లాంటి లోహపు పాలిష్ అక్రిలిక్ మీద పేస్టు కంటే త్వరగా పనిచేస్తుంది, మెరుపూ మెరుగ్గా ఉంటుంది. ఆ వాసన పోవడానికే ఓ పూట పడుతుంది. బంగారు పూత ఉన్న కేసుకు అది తగిలితే పూత పలచబడుతుంది, టేపు మరవకండి. కారు పెయింటుకు ఆఖర్న పెట్టే రబ్బింగ్ కాంపౌండులో మెత్తటి రకమూ అంతే మంచిది. అక్రిలిక్ గ్లాసుల కోసమే జర్మనీలో తయారయ్యే పాలీవాచ్ అనే చిన్న ట్యూబు ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది పేస్టు చేసే పనినే ఇంకొంచెం శుభ్రంగా చేస్తుంది, అద్భుతమేమీ కాదు. వంటసోడా గట్టిదనం 2.5, పలుకులు మాత్రం ముతక. అంటే కోసే శక్తి తక్కువ, చేసే రగడ ఎక్కువ. దాన్ని వంటకే ఉంచుకోవచ్చు. పళ్ళపొడి, పిడకల కచ్చిక, ఊక బూడిద వాడొద్దు. ఊక బూడిదలో సింహభాగం సిలికాయే. ఇత్తడి చెంబుకు అది బాగానే ఉంటుంది, మూడో నంబరు అక్రిలిక్‌కు అది ఇసుకే.

గోరు తట్టేంత లోతు గీతకు పేస్టు చాలదు, వాటర్ పేపరు కావాలి. హార్డ్‌వేర్ షాపులో నంబరు చెప్పి అడిగితే ఇస్తారు. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. 1000 నంబరు కాగితం మీది రేణువు సుమారు 18 మైక్రాన్లు, 1500ది 12 పైచిలుకు, 2000ది 10. పేస్టు దాని తర్వాతి బిళ్ళ. లోతును బట్టి 1000తోనో 1500తోనో మొదలుపెట్టి, కాగితాన్ని నీళ్ళలో ముంచి, ఒకే దిక్కుకు లాగాలి. తర్వాతి నంబరు కాగితాన్ని దానికి అడ్డంగా లాగాలి. ముందటి గీతలు పూర్తిగా పోయాయా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది, ఇంకా నిలువుగీత కనిపిస్తే తర్వాతి కాగితానికి పోకూడదు. ఈ దశలో గ్లాసంతా పాలపొరలా తెల్లబడుతుంది. మొదటిసారి చేసేవాళ్ళ గుండె జారిపోయేది ఇక్కడే, వాచీని మెకానిక్కు దగ్గరికి పరుగున తీసుకుపోయేదీ ఇక్కడే. కంగారు పడొద్దు. 2000 కాగితం దాటి పాలిష్‌లో పడ్డాక ఆ పొర విడిపోతుంది. అక్రిలిక్ గ్లాసు మందం మిల్లీమీటరుకు పైనే ఉంటుంది. అందులో ఇరవై ముప్ఫై మైక్రాన్లు పోయినా లెక్కలోకి రాదు. తేదీ పెద్దదిగా కనబడటానికి గ్లాసు మీద చిన్న బుడగ ఉన్న వాచీల మీద మాత్రం కాగితం పెట్టొద్దు. ఆ బుడగ ఒక కటకం, ఆకారం మారితే తేదీ చెదిరిపోతుంది.

అక్రిలిక్‌కు శత్రువులు రెండు. ఒకటి వేడి. అది 100 డిగ్రీలు దాటగానే మెత్తబడుతుంది. చిన్న డ్రిల్లింగ్ మిషనుకు ఊలు బిళ్ళ తగిలించి ఒకే చోట ఆనించి తిప్పారంటే గ్లాసు ముడతపడుతుంది, దానికిక మందు లేదు. రెండోది ద్రావకాలు. థిన్నరు, నెయిల్ పాలిష్ తుడిచే ఎసిటోను అక్రిలిక్‌ను కరిగిస్తాయి. స్పిరిటు దాని లోపల సన్నటి నెరలు పుట్టిస్తుంది. కరోనా రోజుల్లో చేతులకు శానిటైజర్ రాసుకుని అదే చేత్తో వాచీ తుడిచినవాళ్ళ పాత గ్లాసుల్లో సాలెగూడులాంటి నెరలు పడ్డాయి. అవి గీతలు కావు. పైన పడ్డవి కాదు, లోపల విడిపోయినవి. ఎంత రుద్దినా పోవు.

అక్రిలిక్ తక్కువజాతి గ్లాసు అన్న చిన్నచూపు ఒకటి మనలో ఉంది, అది పోవాలి. నాసా 1965లో వ్యోమగాములకు ఎంపిక చేసిన ఒమేగా స్పీడ్‌మాస్టర్‌కు ఉన్నది అక్రిలిక్ గ్లాసే. 1969లో చంద్రుడి మీదికి పోయిందీ అదే. దెబ్బ తగిలితే అది పగిలి ముక్కలై ఎగరదు. బరువు లేని గదిలో గాజు పెంకులు తేలుతూ తిరిగితే కళ్ళకూ ఊపిరితిత్తులకూ ప్రమాదం. గీతలు తొందరగా పడటం దాని లోపం, ఇంట్లోనే పోగొట్టుకోగలగడం దాని గుణం. ఈ రెండూ ఒకే మెత్తదనం నుంచి వచ్చాయి.

మినరల్ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి నా సలహా మారిపోతుంది. దాన్ని మెరుగు పెట్టగలిగేవి రెండే. ఒకటి సీరియం ఆక్సైడ్ పొడి. ఇది అద్దాల పరిశ్రమలో పాత సరుకు. మన తూర్పు తీరపు ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలోని అరుదైన లోహాల్లో ఎక్కువ పాలు సీరియందే. ఈ పొడి గాజును కోయడమే కాక దాని పైపొరతో రసాయనికంగా అంటుకుని రేణువు రేణువుగా లాగేస్తుంది, అందుకే గట్టిదనంలో గాజుకు సమానంగా ఉన్నా పనిచేస్తుంది. రెండోది వజ్రపు పేస్టు, మైక్రాన్ల లెక్కన సిరంజిలో అమ్ముతారు. రెండూ పనిచేస్తాయి. కానీ చేత్తో రుద్దితే తువ్వాలుగీత పోవడానికే గంటలు పడుతుంది, గోరు తట్టే గీత జోలికి పోనే వద్దు. ఓపిక చచ్చి మిషను పెడితే వేడికి గ్లాసు కింద ఉన్న జిగురో రబ్బరు రింగో దెబ్బతిని, వాచీ వానకు తడిసినప్పుడు ఆవిరి పడుతుంది. అంతా చక్కగా చేసినా గ్లాసు ఎక్కువతక్కువలుగా అరిగి, ముల్లు తిరుగుతుంటే వంగినట్టు కనిపించే అవకాశం మిగిలే ఉంటుంది. ఇంతా చేసి మిగుల్చుకునేది ఒక మామూలు మినరల్ గ్లాసు ఖరీదు, అది పెద్దదేమీ కాదు.

సఫైర్ సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్న్యూయి 1902లో అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి కృత్రిమ కురువిందం పెంచే పద్ధతిని ప్రకటించాడు, ఇవాళ్టి వాచీ గ్లాసులకు మూలం ఆ ఆలోచనే. దాన్ని గీయాలంటే వజ్రమో ఇంకో కురువిందమో కావాలి. ఎమరీ కాగితం మీది రేణువు కురువిందపు జాతిదే కాబట్టి జాగ్రత్త అవసరం. కానీ సఫైర్ గ్లాసు మీద జనం గీతలంటూ చూపించేవాటిలో చాలావరకు గీతలే కావు. కొన్ని, గ్లాసు కంటే మెత్తనైన లోహం దానికి రాసుకుని అంటుకున్న మరకలు. స్టీలు చైను కూడా అలాంటి మరక వేస్తుంది. పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే పోతాయి. మిగిలినవి ఎదురువెలుగు తగ్గించడానికి పైన వేసే పూత మీద పడ్డ గీతలు. ఆ పూత సఫైరంత గట్టిది కాదు. మెరుగు పెట్టే ప్రయత్నంలో పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతే ముందటి కన్నా వికారంగా ఉంటుంది. పూతంతా తీసేయిస్తే గీతలూ పోతాయి, బదులుగా గ్లాసులో ట్యూబులైటు ప్రతిబింబం కనిపిస్తుంది. అలా తీసేయించుకుని సుఖంగా ఉన్నవాళ్ళూ ఉన్నారు.

స్మార్ట్ వాచీల్లో ఎక్కువవాటికి గట్టిపరిచిన గాజే ఉంటుంది. పొటాషియం ఉప్పులో నానబెట్టి పైపొరను బిగించడం ఆ గట్టితనానికి కారణం. మనం రుద్ది తీసేది ఆ బిగిసిన పొరనే, పైగా వేలిముద్రలు అంటకుండా వేసిన పూత మొదటి రుద్దుకే పోతుంది. చేతితో తాకి నడిపే వాచీ మీద ఈ పని పెట్టుకోవద్దు. గీత చిరాకనిపిస్తే పైన పలచటి పొర అంటించుకోవడమే.

గ్లాసు దాటి లోపల డయలు మీద గీత పడి ఉంటే అసలు ముట్టుకోకండి. డయలు మీది లక్క పూత గాలికే నలిగే సరుకు, పేస్టు తగిలితే అంకెలతో సహా పోతుంది. ఇంకో మాట కూడా ఉంది. 1960ల ముందటి కొన్ని విదేశీ వాచీల్లో, ముఖ్యంగా సైనికుల కోసం చేసినవాటిలో, చీకట్లో కనబడే రంగులో రేడియం కలిపేవారు. రేడియం అర్ధాయుష్షు 1600 ఏళ్ళు. మెరుపు చచ్చినా రేడియో ధార్మికత చావదు. తాతల నాటి అలాంటి వాచీ చేతికొస్తే మూత తీసి, లోపల రుద్ది, ఆ పొడి పీల్చడం మాత్రం చెయ్యొద్దు. మూత మూసి ఉన్నంత కాలం పెట్టుకోవడంలో అంత భయం లేదు.

మిగిలింది గ్లాసు మార్పించడం. మన మాసపత్రికల్లోని ఇంటింటి చిట్కాల శీర్షికల్లో దీనికెప్పుడూ చోటు దొరకదు, ఎందుకంటే ఇది చిట్కా కాదు. కానీ మినరల్ గ్లాసుకు ఇదే అసలు జవాబు, గోరు తట్టే అక్రిలిక్ గీతకు కూడా కాగితాలు పట్టుకుని కూర్చునే ఓపిక లేకపోతే ఇదే. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో, శంకర్‌విలాస్ సెంటరు చుట్టుపక్కల, సెల్‌ఫోన్ షాపుల మధ్య ఇరుక్కుని ఇంకా కొన్ని వాచీ రిపేరు బల్లలు బతికే ఉన్నాయి. కోచింగ్ సెంటరు పిల్లలు బ్యాటరీలు మార్పించుకోవడానికి వస్తుంటారు. ఆ పిల్లలకు నీట్ పరీక్ష హాల్లోకి వాచీ పట్టుకుపోయే భాగ్యం లేకపోయినా మాక్ టెస్టులకు వాచీ కావాలి మరి. అక్రిలిక్ గ్లాసులు మిల్లీమీటరులో పదో వంతు తేడాలతో కొలతల వారీగా పొట్లాల్లో ఉంటాయి. పాత గ్లాసును పంజాలాంటి పనిముట్టుతో చుట్టూ పట్టి కాస్త నొక్కి తీస్తారు, కొత్తదాన్ని అలాగే కుదించి గాడిలో కూర్చోబెట్టి వదిలితే అది వ్యాకోచించి పట్టుకుంటుంది. మినరల్ గ్లాసు అయితే రబ్బరు రింగులోనో ఎండకు గట్టిపడే జిగురుతోనో దించుతారు.

అక్కడ కూర్చున్నప్పుడు మూడు సంగతులు అడిగి చేయించుకోవాలి. గ్లాసు తీసిన తర్వాత లోపల పడ్డ దూదిపీచు, దుమ్ము ఊదకుండా మూసెయ్యొద్దని మొదటిది. పత్తి ఊళ్ళలో ఉంటూ ఈ మాట చెప్పాల్సి రావడం తమాషాగానే ఉంటుంది. నీళ్ళకు తట్టుకునే వాచీ అయితే రింగు కూడా మార్చమనడం రెండోది. మూడోది ఎవరూ అడగరు, అడగనందుకే వాచీలు తిరిగొస్తుంటాయి. పాత గ్లాసు ఎంత ఎత్తు ఉబ్బి ఉందో కొత్తదీ అంతే ఉబ్బి ఉండాలి. ఎత్తు తక్కువైన గ్లాసు బిగిస్తే చూడటానికి ఇంకా సొగసుగా ఉంటుంది, ఇంటికెళ్ళేసరికి సెకన్ల ముల్లు గ్లాసుకు రాసుకుని ఆగిపోతుంది. కీ ఇస్తే మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగుతుంది. బల్ల దగ్గరే కీ నిండా ఇచ్చి, వాచీని బోర్లించి, మళ్ళీ తిప్పి, సెకన్ల ముల్లు రెండు చుట్లు తిరిగాక లేవండి.